తప్పు బ్యాటరీది కాదు

మా నాన్న మారుతి 800 పొద్దున్నే సెల్ఫ్ కొడితే నీరసంగా తిరిగి ఆగిపోయేది. మెకానిక్ మాట విని కొత్త బ్యాటరీ వేయించాం. రెండు వారాలకి మళ్ళీ అదే కథ! అప్పుడు మల్టీమీటర్ తీశాను. సెల్ఫ్ కొడుతుంటే బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజన్ బాడీకీ మధ్య 2 వోల్టులు. అర వోల్టు ఉన్నా ఎక్కువే. చూస్తే ఎర్త్ కేబుల్ బోల్టు కింద తుప్పు. సెల్ఫ్ మోటారు 100 ఆంపియర్లు లాగితే, 2 వోల్టులు మింగడానికి 0.02 ఓమ్ చాలు. మన ల్యాబ్‌లో దాన్ని సున్నా అని రాసేస్తాం కదా! కేబుల్ విప్పి (ముందు బ్యాటరీ నెగటివ్ తీయాలి, మర్చిపోవద్దు), ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించాక పైన వాజిలైన్ రాశాను. పాత కారులో పార్టు మార్చేముందు జాయింటు చూడాలన్నదే నా వాదన. మెకానిక్ ఇంకా ఒప్పుకోలేదు. నాన్న మాత్రం ఆ బ్యాటరీ బిల్లు నాకు కనపడకుండా దాచారు.