అనుమతికై వేచియుండు పత్రిక పుట్టదు

మన సంఘ సమావేశములలో, కళాశాలలలో చదువుచున్న మన పిల్లలు తమకొక పత్రిక కావలెనని కోరినపుడెల్లను పెద్దలనుండి మూడు సమాధానములు వచ్చుచున్నవి. విశ్వవిద్యాలయమువారు అనుమతియు ధనసహాయమును ఇచ్చినచో చూతమనునది మొదటిది. నలుగురైదుగురు కుఱ్ఱవాండ్రు పెట్టు పత్రిక నాలుగేండ్లయినను నిలువదు, అది వృథాప్రయాస యనునది రెండవది. పిల్లలకు తెలుగు వ్రాయుట రాదు గనుక వచ్చిన భాషలోనే వ్రాసికొందురుగాక, భాష ఏదైన నేమి యనునది మూడవది. ఈ మూడును వినుటకు వివేకవాక్యములవలెనే యుండును. మూడును తప్పులే యని నా మనవి. నా మాటను ఊరక నమ్మనక్కరలేదు. మనవలెనే పరభాషల నడుమ తరతరములుగా నివసించుచున్న ఒక జనము యొక్క విద్యార్థి పత్రికల చరిత్ర కలదు. దానిని విని తీర్పు చెప్పుడు.

అమెరికా పశ్చిమతీరమున లాస్ ఏంజిల్స్ నగరములో జపానీయులు స్థిరపడి నూరేండ్లు దాటినది. 1903లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చదువుచున్న ముగ్గురు జపాను విద్యార్థులు అచ్చుయంత్రమైనను లేక, సైక్లోస్టైలువంటి సాధనముపై ప్రతులు తీసి ఒక చిన్న కాగితమును వెలువరించిరి. దాని పేరు 'రఫు షింపో'. రఫు అనగా లాస్ ఏంజిల్స్. షింపో అనగా వార్తాపత్రిక. ఆ కాగితమే దినపత్రికయై, 1926లో ఆంగ్ల విభాగమును చేర్చుకొని, మూడు తరములకు ఇంటిచుట్టమైనది. ఇది మనకు వింత కారాదు. తెలుగునేలకు దూరముగా బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించినది 1908లోనే గదా! ప్రవాసమున పుట్టిన పత్రిక బలహీనమని యెవ్వరన్నారు?

1942 వచ్చినది. జపానుతో యుద్ధమను నెపముతో అమెరికా ప్రభుత్వము పశ్చిమతీరపు జపాను సంతతివారిని ఇంచుమించు 1,20,000 మందిని ఇండ్లు వాకిండ్లు విడిపించి ముండ్లకంచెల నడుమ నిర్బంధించినది. వారిలో మూడింట రెండువంతులవారు అమెరికాలోనే పుట్టిన పౌరులు. రఫు షింపో ఆ ఏప్రిలులో నిలిచిపోయినది. పత్రికాధిపతి అరెస్టయి యుండగా ఆయన కుమారుడు, శిబిరమునకు పోవుటకు ముందు, జపాను సీసపు అక్షరములను కార్యాలయపు నేలపలకల క్రింద దాచిపెట్టెను. 1946 జనవరి 1న ఆ అక్షరములతోనే పత్రిక మరల వెలువడినది.

ఈ నడుమ శిబిరములలో పత్రికలు లేకపోలేదు. మాంజనార్ శిబిరములో 1942లోనే ఒక పత్రిక పుట్టినది. అచట కావలసినంత అనుమతి యుండెను, ఆదరణయు నుండెను. దాని పేరు 'మాంజనార్ ఫ్రీ ప్రెస్', అనగా మాంజనార్ స్వేచ్ఛాపత్రిక! వ్రాసినవారు నిర్బంధితులు, పర్యవేక్షించినవారు నిర్బంధించిన అధికారులు. వ్రాసినవారిని నేను నిందింపను. ఆ స్థితిలో వారు చేయగలిగినది చేసిరి. అయినను అనుమతితో నడచు పత్రికకు 'స్వేచ్ఛ' యను పేరు పెట్టినంత మాత్రమున కంచె మాయము కాదు. అనుమతి వచ్చినగాని కదలమని మన పెద్దలు చెప్పునపుడు నాకు ఆ పేరే జ్ఞాపకము వచ్చుచుండును.

ఇక శిబిరములలో పెరిగినవారి బిడ్డల కాలము. 1969లో లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆసియా సంతతి విద్యార్థులు ఐదుగురు తమకొక పత్రిక కావలెనని తలచిరి. విశ్వవిద్యాలయపు సొమ్ము తీసికొన్నచో విశ్వవిద్యాలయపు పెత్తనమును వెంటవచ్చునని గ్రహించిరి. గ్రహించి యేమి చేసిరి? తీర్మానము చేసి ఊరకుండలేదు. తలకొక 100 డాలర్లు వేసికొని 1969 ఏప్రిలులో 'గిడ్రా' యను మాసపత్రికను అచ్చువేసిరి. జపాను చలనచిత్రములలోని మూడు తలల రాకాసి పేరునుండి వచ్చిన పేరది. ఆ ఐదుగురిలో నొకడైన మైక్ మురాసే తుదివరకును పత్రికతో నుండెను. సంపాదకుడని యొక పెద్ద పీఠము వేసికొనక, పనిని వంతులవారీగా పంచుకొని, జీతముబత్తెములు లేక నడపిరి. తరువాత విద్యాలయ ప్రాంగణమును విడిచి తమ జనము నివసించు వీధులలోనికే కార్యాలయమును మార్చిరి.

వారేమి వ్రాసిరి? తలిదండ్రులు నోరు విప్పి చెప్పని శిబిరముల కథను వ్రాసిరి. వియత్నాము యుద్ధమున తమవంటి ముఖములుగల ప్రజలే చచ్చుచుండగా తమకు కలిగిన వేదనను వ్రాసిరి. తమ వీధులలో యువకులను తినివేయుచున్న మత్తుమందులనుగూర్చి దాచక వ్రాసిరి. అమీ ఉయెమాట్సు యను విద్యార్థిని తరగతికొఱకు వ్రాసిన వ్యాసము 1969 అక్టోబరు సంచికలో అచ్చయి, నేటికిని ఆ జనము చరిత్రను చదువువారు చేతబట్టవలసిన వ్రాతయైనది. ఆ పత్రికలోనిదంతయు నాకు సమ్మతమని కాదు. భాష పరుషము, రాజకీయము తీవ్రము. ఆ సమాజపు పెద్దలలో పలువురు నొచ్చుకొనిరి. నొచ్చుకొనుట పెద్దల కర్మము. పలుకుట పిల్లల ధర్మము.

గిడ్రా 1974 ఏప్రిలుతో ముగిసినది. ఐదేండ్లు! 'చూచితిరా, నిలువలేదు' అని రెండవ సమాధానమువారు చేయెత్తుదురు. ఆగుడు. ఆ తుదిసంచికలోనే మురాసే తమ ఐదేండ్ల కృషిని, కష్టములను, లోపములను సమీక్షించి వ్రాసెను. లెక్క అప్పగించి పోయిన పత్రికకు చావు లేదు. మరియు ఆ కాలమున ఏమి జరిగినదో చూడుడు. జపానీయులు, చీనీయులు, ఫిలిప్పీనులు వేర్వేరు గుంపులుగా నుండినవారు 1968లో పుట్టిన 'ఏషియన్ అమెరికన్' అను ఒక్క పేరు క్రిందికి వచ్చిరి. ఆ పేరును గిడ్రా తన తలకట్టులోనే ధరించినది. జనులను విచారణలేక శిబిరములలో నుంచుటకు వీలుకల్పించిన 1950 నాటి చట్టభాగము 1971లో రద్దయినది. 1988లో ప్రభుత్వము క్షమాపణ చెప్పి, బ్రదికియున్న నిర్బంధితులకు తలకు 20,000 డాలర్లు చెల్లించుటకు చట్టము చేసినది. ఇవి యన్నియు ఒక పత్రికవలననే జరిగెనని నేననను. కాని మౌనముగానున్న యిండ్లలో మాట పుట్టనిదే ఇవి జరుగవు. ఆ మాటకు గిడ్రా పుటలు ఒక చోటిచ్చినవి. నేడు ఆ సంచికలు భద్రపరుపబడి, యెవరైనను చదువుకొనునట్లున్నవి. మన సంఘములు వెనుక వేసిన పత్రికల సంచికలు ఎన్ని మన బీరువాలలో నున్నవి? చెదలకు వేసినవెన్ని? కులమునకొక సంఘము పెట్టుకొన్న మనము తెలుగువారమను ఒక్క పేరు క్రిందికి ఎన్నిమారులు వచ్చితిమి?

ఇప్పుడు మూడవ సమాధానము. ఇదియే నన్ను మిక్కిలి బాధించునది. 1903 నాటి విద్యార్థులు జపాను భాషలో వ్రాసిరి. 1969 నాటి విద్యార్థులు ఆంగ్లములో వ్రాసిరి. ఏలనన, యుద్ధకాలమున జపాను భాషను బోధించిన ఉపాధ్యాయులే మొదట అరెస్టయిరి. తరువాత భయపడిన తలిదండ్రులు బిడ్డలను ఆంగ్లమునకే అప్పగించిరి. తాతలు చదివిన పుటలను చదువగల మనుమలు అరుదైరి. గిడ్రా పిల్లలు తమ గౌరవమును తిరిగి సంపాదించిరి. తమ తాతల భాషను సంపాదింపలేకపోయిరి. గౌరవమును పోరాడి తేవచ్చును. భాష ఒక తరము చేయి జారినచో దానిని పట్టుట మిక్కిలి కష్టము.

మనకు ముండ్లకంచె ఎవ్వరును వేయలేదు. మన అక్షరములను ఎవ్వరును జప్తు చేయలేదు. రాజ్యాంగపు 29వ అధికరణము భాషను, లిపిని కాపాడుకొను హక్కును మనకిచ్చినది. 1956లో చేర్చిన 350-ఏ అధికరణము మన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని రాష్ట్రములకు విధించినది. తమిళనాట 2006 నాటి చట్టము తమిళమును పాఠశాలలలో నిర్బంధవిషయము చేసినది నిజము. ఆ చిక్కుపై న్యాయస్థానములకు పోయినవారు పోయిరి. వారికి నమస్కారము. కాని యింటిలో బిడ్డకు ఓనమాలు దిద్దించుటను ఏ చట్టము వారించినది? మన అక్షరములను నేలపలకల క్రింద దాచినది అధికారులు కారు, మనమే. జపాను యువకుడు మరల తీయుటకై దాచెను. మనము మరచిపోవుటకై దాచుచున్నాము.

కాబట్టి నేను కోరునది మూడే. మొదటిది, విద్యార్థులు అనుమతికై వేచియుండక తలకొక కొంత వేసికొని చిన్న కాగితముగానైన ఆరంభింపవలెను. పెద్దలు పెత్తనమడుగక చందా కట్టవలెను. అదియు కుదురువఱకు ఈ వారపత్రికలో నెలకొక పుటను వారికి విడిచిపెట్టవలెను. ఆ పుటపై సంఘ కార్యవర్గమునకు కలము పెట్టు అధికారము ఉండరాదు. రెండవది, ప్రతి సంచికకు రెండు ప్రతులు రెండు వేర్వేరు చోటుల భద్రపరుపవలెను. మూడవది, ఆ పత్రిక తెలుగులో నుండవలెను. తప్పులుండవచ్చును. ఒత్తులు జారవచ్చును. కన్నడపు మాటయు, తమిళపు మాటయు, ఒరియా మాటయు నడుమ దొరలవచ్చును. అది మన తెలుగే. తప్పులతో వ్రాసిన తెలుగును దిద్దుకొనవచ్చును. వ్రాయని తెలుగును దిద్దువారెవ్వరు?

ఐదుగురు చాలుదురా యని అడుగువారికి ఐదుగురే చాలిరని ఆ చరిత్ర చెప్పుచున్నది. మన ఊరిలో ఆ ఐదుగురు ఎవరో పేర్లు చెప్పుడు. వచ్చు సమావేశమున తీర్మానము కాదు, మొదటి సంచిక బల్లమీద నుండవలెను.