ఎనభయ్యా? వందా?

2021 జులై 11న గుంటూరు మూలాలున్న బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ వారి 'యూనిటీ' నౌకలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లొచ్చారు. మనం పండగ చేసుకున్నాం. కొందరు మాత్రం అప్పుడే పెదవి విరిచారు: అంత ఎత్తును అంతరిక్షం అనొచ్చా?

రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ ఏరోనాటికల్ సమాఖ్య లెక్క ప్రకారం అనకూడదు. వారి హద్దు 100 కిలోమీటర్లు, అదే కార్మన్ రేఖ. అమెరికాలో 50 మైళ్లు, అంటే దాదాపు 80 కిలోమీటర్లు దాటితే చాలు. 1960లలో ఎక్స్-15 రాకెట్ విమానం నడిపిన వైమానిక దళ పైలట్లకు ఆ కొలతతోనే వ్యోమగామి గుర్తింపు ఇచ్చారు.

వంద కావాలనేవారి మాటను కొట్టిపారేయలేం. ఏ దేశానికి ఆ దేశం గీత గీసుకుంటే ఇక రికార్డుకు విలువేముంటుంది? విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మేలో బ్లూ ఆరిజిన్ నౌకలో ఆ వందా దాటారు. ఆయన విషయంలో పేచీయే లేదు.

అయితే వంద అన్నది గుర్తుండటానికి వీలుగా పెట్టుకున్న అంకె. గాలి అక్కడ ఉన్నట్టుండి ఆగిపోదు, పైకి వెళ్లేకొద్దీ పలచబడుతుందంతే. ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డోవెల్ 2018లో పాత ఉపగ్రహాల కక్ష్యలన్నీ పరిశీలించారు. కోలగా ఉండే కక్ష్యల్లో తిరిగేవి 80, 90 కిలోమీటర్ల దాకా కిందికి దిగి కూడా మళ్లీ పైకి వెళ్లగలవని తేల్చారు. నాకు ఈ వాదనే గట్టిదనిపిస్తుంది. ఎత్తు లెక్క ఒక్కటే కాదు, ఆ యాత్రలో శిరీష చేసిన పని కూడా చూడాలి. చిన్న మొక్కలున్న గొట్టాలు దగ్గర పెట్టుకుని, శరీర భారం మారే ఘట్టాల్లో ఒక్కో గొట్టంలోకి రసాయనం వదిలారు. మొక్క లోపలి మార్పును ఆ క్షణంలోనే పట్టి ఉంచే ప్రయోగమది, ఫ్లోరిడా విశ్వవిద్యాలయానిది.

నిజానికి ఈ 14 కిలోమీటర్ల తగాదా కంటే పెద్ద తేడా మరొకటుంది. శిరీష, గోపీ పైకి వెళ్లి కిందికి వచ్చారు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తండ్రికి పుట్టిన రాజా చారి 2021 నవంబరులో బయల్దేరి, గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ తిరుగుతూ 177 రోజులున్నారు. అందులో ఆరో వంతు వేగం కూడా మిగతా ఇద్దరి నౌకలకు లేదు. హద్దు ఎక్కడ గీసినా ఈ తేడా చెరగదు.

నా లెక్కలో శిరీష వెళ్లింది అంతరిక్షంలోకే. పిల్లలకు ఈ ముగ్గురి గురించీ చెప్పండి. ఎవరు ఎంత ఎత్తుకు వెళ్లారో, ఎవరు కక్ష్యలో తిరిగారో కూడా విడమరచి చెప్పండి.