ఏ వెలుగులో చూశారు?

చీరకు మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ వెతికే ఇల్లాలు షాపులోని ట్యూబ్‌లైటును నమ్మదు. గుడ్డను గుమ్మం దాకా తెచ్చి, ఎండలో చూశాకే డబ్బు తీస్తుంది. అమెరికాలో పాతకాలపు ఎచింగ్ గాజు సామాను సేకరించేవారికి ఈ జాగ్రత్త మరీ అవసరం. అమ్మమ్మ పెళ్లినాటి డజను గ్లాసుల్లో ఒకటి పగిలిందనుకోండి. ఫొటో చూసి దాని జోడీని తెప్పించుకుంటారు. పెట్టె విప్పాక గానీ తెలియదు: లత అదే, పువ్వు అదే, రంగు మాత్రం వేరు.

గాజుకు మైనం పట్టించి, నగిషీ రావాల్సిన చోట మాత్రం వదిలేసి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచడమే ఎచింగ్. ఆమ్లం కొరికిన చోట పువ్వు పూస్తుంది. ఆ పువ్వును బట్టి కంపెనీ ఏదో చెప్పొచ్చు. కాలం చెప్పాలంటే రంగు కావాలి. వెస్ట్ వర్జీనియాలోని ఫోస్టోరియా కంపెనీ 'జూన్' నగిషీని 1928 నుంచి 1951 దాకా తయారుచేసింది. కానీ నీలి 'ఆజూర్', పసుపు 'టోపాజ్', గులాబీ 'రోజ్' అంతకాలం నడవలేదు. చివరిదాకా నిలిచింది రంగులేని గాజే.

చిక్కేమిటంటే, ఎవరి పేర్లు వారివే. ఫోస్టోరియా 'రోజ్' అన్న గులాబీ రంగును ఒహాయోలోని హైసీ 'ఫ్లెమింగో' అంది, కేంబ్రిడ్జ్ 'పీచ్ బ్లో' అంది. పేరు మారితే ధర కూడా మారుతుంది. అందుకే అమ్మేవారికి అరుదైన పేరు ముందు గుర్తొస్తుంది.

అన్నిటికన్నా గమ్మత్తైనది నియోడైమియం కలిపిన గాజు. హైసీ వారి 'అలెగ్జాండ్రైట్', ఫోస్టోరియా వారి 'విస్టీరియా' ఈ కోవలోవే. ఎండలో లేత ఊదా రంగులో కనిపించే గ్లాసు ఫ్లోరసెంట్ ట్యూబ్‌లైటు కింద పెడితే నీలమైపోతుంది. నియోడైమియం పసుపు వెలుగులో ఒక సన్నని భాగాన్ని గట్టిగా పీల్చేస్తుంది. ఎండలో ఉన్నట్టు ట్యూబ్‌లైటులో రంగులన్నీ సమపాళ్లలో ఉండవు. అందుకే ఆ మార్పు. ఒక్క ఫొటో చూసి 'నీలం' అని రాసేసిన వారసులు విలువైన సెట్టును చవగ్గా వదులుకుంటారు. మామూలు ఊదా గాజుకు అలెగ్జాండ్రైట్ ధర పోసేవారూ ఉంటారు. రెండు రకాల వెలుగులో చూస్తే రెండు నష్టాలూ తప్పుతాయి. యురేనియం కలిపిన గాజుకు మరో పరీక్ష ఉంది: అతినీలలోహిత కాంతి పడితే అది పచ్చగా మెరుస్తుంది. అయితే అది యురేనియం ఉందని చెబుతుందే తప్ప, కంపెనీ పేరు చెప్పదు.

కంపెనీ ముద్రను కూడా గుడ్డిగా నమ్మలేం. హైసీ 1957లో మూతపడింది. మరుసటి ఏడాది దాని అచ్చులను ఇంపీరియల్ కంపెనీ కొంది. డైమండ్‌లో 'హెచ్' ఉండే ముద్ర ఆ అచ్చుల్లోనే ఉంది గనుక, ఇంపీరియల్ తీసిన కొన్ని వస్తువుల మీదా పడింది. అప్పుడు సాక్ష్యం చెప్పేది రంగే. గోధుమ, తెలుపు చారలు కలగలిసిన 'కారమెల్ స్లాగ్' గాజును హైసీ ఎన్నడూ చేయలేదు. ఆ రంగు బొమ్మ మీద ఏ ముద్ర ఉన్నా అది తర్వాతిదే. అది నకిలీ కాదు గానీ, హైసీ ధర పెట్టాల్సిన వస్తువూ కాదు.

కాబట్టి కొనేవారు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. పగలు కిటికీ దగ్గర, తెల్ల కాగితం మీద, ఇంట్లో ఉన్న గ్లాసు పక్కనే పెట్టి తీసిన ఫొటో చూసుకోవాలి. ఆ కంపెనీ ఆ నగిషీని ఏయే రంగుల్లో, ఏయే సంవత్సరాల్లో చేసిందో పాత కేటలాగులో సరిచూడాలి. ధర అడిగే ముందు అమ్మేవారిని ఒక్క ప్రశ్న అడగాలి: ఈ ఫొటో ఏ వెలుగులో తీశారు? జవాబు తడబడితే, పన్నెండో గ్లాసు కోసం ఇంకొన్నాళ్లు ఆగొచ్చు. పదకొండు గ్లాసుల మధ్య పరాయి రంగు గ్లాసు కంటే ఆ ఖాళీయే నయం.