పంపు లాగితేనే మరో గుండు

ఈ సంచిక ముఖచిత్రం మీద ఉన్నది రంగు గుండ్లు కొట్టే పంపు మార్కర్. అటవీ డివిజన్ కేంద్రమైన నర్సీపట్నానికి ఇది పరాయి వస్తువేమీ కాదు, రంగు గుండ్ల మార్కర్ పుట్టుకే అడవి పనిలో. అమెరికాలో చెట్లకు, పశువులకు దూరం నుంచే రంగు గుర్తు పెట్టడానికి నెల్సన్ పెయింట్ కంపెనీ నెల్‌స్పాట్ 007 అనే మార్కర్‌ను అమ్మింది. ఆ నెల్‌స్పాట్ 007లతోనే 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్‌లోని హెన్నికర్ అడవిలో పన్నెండు మంది తొలి పెయింట్‌బాల్ ఆట ఆడారు. గెలిచిన రిచీ వైట్ అడవి పని తెలిసినవాడు. ఒక్క గుండూ పేల్చకుండానే గెలిచాడు!

విడి భాగాలతో మార్కర్ కట్టుకోవడం గురించి లోపల వివరంగా రాశాం. నన్ను కట్టిపడేసింది గొట్టం సంగతి. గుండు 0.68 అంగుళాలు, అంటే సుమారు 17 మిల్లీమీటర్లు. పైతొడుగు జెలటిన్ కాబట్టి తేమకు ఉబ్బుతుంది, మన వానాకాలంలో మరీను. గొట్టం వదులైతే గ్యాసు పక్కల నుంచి జారిపోతుంది, బిగువైతే గుండు లోపలే చితుకుతుంది. ఇక వాల్వు ఒక మార్కర్‌ది, దాన్ని కొట్టే హామర్ స్ప్రింగు మరో మార్కర్‌ది అయినప్పుడు రెంటికీ పొత్తు కుదర్చడమే అసలు పనితనం. స్ప్రింగు మరీ గట్టిదైతే గుండు వేగం సెకనుకు 300 అడుగుల హద్దు దాటేస్తుంది. క్రోనోగ్రాఫ్‌తో వేగం కొలవకుండా, ముఖానికి మాస్కు లేకుండా దయచేసి ఎవరూ పేల్చకండి.

పంపు పిడి చెక్కతో కావాలంటే ఏటికొప్పాక లేతు పనివాళ్లు దగ్గర్లోనే ఉన్నారు. బొమ్మలకు వాడే అంకుడు కర్ర మెత్తన, పిడికి టేకు అడగండి. మీరు కట్టినదాని కొలతలు రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాం.