ఆకుకూర ఎవరి కంచంలో?

"ఆకుకూర తింటే రక్తం పడుతుంది" అన్న మాట వినపడని తెలుగు ఇల్లు ఉండదేమో. మాట నిజమే. ఆ రక్తం ఎవరికి పడుతున్నదన్నదే నా ప్రశ్న.

రక్తకణాలు తయారు కావడానికి ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కావాలి. 1941లో దానిని పాలకూర నుండి వేరుచేసినవారు, ఆకు అని అర్థమిచ్చే లాటిన్ పదం 'ఫోలియం' మీదుగా ఆ పేరు పెట్టారు. 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ బృందానికి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆకుకూ రక్తానికీ ఉన్న చుట్టరికంలో మనవాడి చేయి కూడా ఉన్నదన్నమాట.

మరి మన వంటింట్లో జరుగుతున్నదేమిటి? తోటకూర ఉడికించి నీళ్ళు వార్చేస్తాము. నీటిలో కరిగే ఫోలేటు చాలావరకు వాటితోనే పోతుంది. ఆకులలోని ఇనుము ఒంటికి పట్టడం కష్టం. నిమ్మరసం అందుకు తోడ్పడుతుంది, భోజనం కాగానే తాగే టీ అడ్డుపడుతుంది.

అన్నిటికంటె పెద్ద లోపం వడ్డనలో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కూర ఏరి, కడిగి, తరిగి, వండిన ఇల్లాలు ఎన్నో ఇళ్ళలో గిన్నె అడుగున మిగిలినదానితోనే సరిపెట్టుకుంటుంది. రక్తహీనత ముదిరితే కూర ఒక్కటే చాలదు, మందులూ కావాలి. అయినా ఆకుకూరల మహిమను కొనియాడే ముందు, ఆమె కంచంలోకి ఒకసారి తొంగి చూడడం మన ధర్మం కాదూ?