జోషీమఠ్: కొండలోకి ఇంకిన మురుగు
ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ గట్టి రాతిపై నిలిచిన పట్టణం కాదు. ఒకప్పుడు విరిగిపడిన కొండచరియల ఇసుక, బండరాళ్ల మీద ఉంది. అప్పటి గఢ్వాల్ కమిషనర్ మిశ్రా నేతృత్వంలోని కమిటీ 1976లోనే ఈ సంగతి చెప్పింది. భారీ కట్టడాలు వద్దంది, నీరు నేలలోకి ఇంకకుండా చూడమంది. హోటళ్లు అంతస్తులు పెంచుకుంటూ పోయాయి. వాడిన నీరేమో చాలాచోట్ల ఇంకుడు గుంతల్లోకే వెళ్లింది. మైదానంలో మేలు చేసే ఇంకుడు గుంత, ఇలాంటి వదులు వాలులో పునాదుల కింది మట్టిని కదిలిస్తుంది. 2023 జనవరిలో 800కు పైగా భవనాలు బీటలు వారాయి. చర్చంతా జలవిద్యుత్ సొరంగం చుట్టూ తిరిగింది. ఆ అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు. అయితే సొరంగం పని ఆపినా ఇళ్ల మురుగు కొండలోకి దిగుతూనే ఉంటుంది. పునరావాసంతో పాటు ప్రతి ఇంటికీ మురుగు కాల్వ కనెక్షన్ ఇచ్చేదాకా అక్కడ కొత్త కట్టడానికి అనుమతి ఇవ్వకూడదు.