బిలియన్ – ఒక మాట, రెండు లెక్కలు

కాలంతో పాటు మాటల అర్థాలు మారడం భాషకు సహజం. నువ్వుల నుండి తీసిన నెయ్యి కనుక ‘నూనె’ అన్నారు. నేడు కొబ్బరినూనె అన్నా, వేరుశనగ నూనె అన్నా ఎవరూ ఆక్షేపించరు. ఇది అర్థవ్యాకోచం. ఒకప్పుడు వస్త్రమాత్రాన్ని తెలిపిన ‘చీర’ నేడు స్త్రీలు కట్టుకొనే వస్త్రానికే పరిమితమైంది. ఇది అర్థసంకోచం. ఇటువంటి మార్పుల వల్ల పెద్ద ప్రమాదం లేదు. సందర్భాన్ని బట్టి అర్థాన్ని గ్రహించగలం. కాని సంఖ్యను తెలిపే మాటకే అర్థం మారితే? అక్కడ సందర్భం అన్నివేళలా ఆదుకోదు. ఇంగ్లీషులోని ‘బిలియన్’ చరిత్ర ఈ సత్యాన్ని చాటుతుంది.

లాటిన్ భాషలో ‘మిల్లె’ అంటే వెయ్యి. దానికి పెద్దదనాన్ని సూచించే ప్రత్యయం చేర్చి ఇటలీవారు ‘మిలియోనె’ అన్నారు. ‘పెద్ద వెయ్యి’ అని దాని భావం. అదే మిలియన్, అంటే మన పది లక్షలు. నికొలా షూకే అనే ఫ్రెంచి గణితవేత్త 1484లో రచించిన గ్రంథంలో పెద్ద సంఖ్యలను ఆరేసి అంకెల చొప్పున విభజించి, వరుసగా పేర్లు చెప్పాడు. ‘బి’ అంటే రెండు. మిలియన్‌ను రెండుసార్లు వేసి గుణిస్తే బిలియన్, మూడుసార్లయితే ట్రిలియన్. ఈ లెక్కన బిలియన్ అంటే 1 తరువాత 12 సున్నలు, అనగా లక్ష కోట్లు. పేరులోనే లెక్క ఇమిడి ఉన్న చక్కని పదనిర్మాణమిది.

అయితే తరువాతి కాలంలో ఫ్రాన్సులో అంకెలను మూడేసి చొప్పున విభజించే పద్ధతి బలపడింది. దానితో బిలియన్ 1 తరువాత 9 సున్నలకు, అనగా వంద కోట్లకు తగ్గింది. అమెరికా ఈ కొత్త లెక్కను స్వీకరించింది. బ్రిటన్ పాత లెక్కనే పట్టుకొన్నది. ఒకే భాష మాట్లాడే రెండు దేశాల మధ్య ఒకే మాటకు వెయ్యి రెట్ల వ్యత్యాసం ఏర్పడింది! చివరకు 1974లో బ్రిటిష్ ప్రభుత్వం తన అధికారిక గణాంకాలలో అమెరికా లెక్కను అంగీకరించింది. చిత్రమేమంటే, కొత్త లెక్కకు పుట్టినిల్లయిన ఫ్రాన్సు 1961లోనే అధికారికంగా పాత లెక్కకు మరలింది. జర్మన్ భాషలో నేటికీ ‘బిలియోన్’ అంటే లక్ష కోట్లే. వంద కోట్లను వారు ‘మిలియార్డె’ అంటారు.

భౌతికశాస్త్రంలో మీరు చదివే కాంతి సంవత్సరాన్నే తీసుకోండి. అది సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. పాత బ్రిటిష్ లెక్కలో ఇది 9.46 బిలియన్లు, నేటి లెక్కలో 9.46 ట్రిలియన్లు. గ్రంథం ఏ దేశానిదో, ఏ కాలానిదో గమనించని పాఠకుడు దూరాన్ని వెయ్యి రెట్లు తప్పుగా గ్రహిస్తాడు. జర్మన్ నుండి ఇంగ్లీషులోకి అనువదించేవాడు ఏమరుపాటుగా ఉంటే, అతని చేతిలో లక్ష కోట్లు వంద కోట్లవుతాయి.

ఇది పరభాషల దోషమే అని మనం మురిసిపోనక్కరలేదు. యజుర్వేదంలోని సంఖ్యల వరుసలో ‘అర్బుదం’ అంటే కోటి. ఆర్యభటుని లెక్కలో అది పది కోట్లు. దాని నుండి పుట్టిన హిందీ ‘అరబ్’ నేడు వంద కోట్లు. మన ‘కోటి’ మాత్రం లెక్కగా స్థిరంగా నిలిచింది. ‘కోటి విద్యలు కూటి కొరకే’ అన్న సామెతలో కోటి అంటే అనేకం అనే అర్థం. కాని పద్దు పుస్తకంలో కోటి అంటే వంద లక్షలే. ఒక్కటి ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఈ పరిస్థితిలో తెలుగు వాక్యంలో ‘బిలియన్’ను యథాతథంగా వాడటం సముచితం కాదని నా అభిప్రాయం. ప్రపంచమంతా బిలియన్లలో మాట్లాడుతూ ఉంటే మనకు మాత్రం కోట్లెందుకని కొందరు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్నలో కొంత న్యాయం లేకపోలేదు. విజ్ఞానశాస్త్రానికీ, వాణిజ్యానికీ ఆ లెక్క అవసరమే. దానిని తప్పక నేర్చుకోవాలి. అయితే నేర్చుకోవడం వేరు, పాఠకునికి తెలియజెప్పడం వేరు. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 8 బిలియన్లకు చేరిందని చెబితే తెలుగు పాఠకుడు ఒక క్షణం ఆగి లెక్క వేసుకోవాలి. 800 కోట్లు అంటే ఆ పరిమాణం వెంటనే మనసుకు తడుతుంది. అదేవిధంగా, కోటి అంటే ఎరుగని విదేశీయునికి మనం వ్రాసేటప్పుడు అతని లెక్కలోనే చెప్పడం మర్యాద.

కనుక పెద్ద సంఖ్య ఎదురైనప్పుడల్లా ఇది ఎవరి లెక్క, ఏ కాలపు లెక్క అని ప్రశ్నించడం అలవరచుకోండి. సందేహం కలిగితే సున్నలను లెక్కించండి. దేశ ఋణమైనా, నక్షత్రాల దూరమైనా, సంఖ్యను సరిగా గ్రహించినవాడే దానిపై సరైన అభిప్రాయం ఏర్పరచుకోగలడు.